పరామర్శకు వెళ్తూ ఏం పట్టుకెళ్ళాలి: బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళ కోసం

చావింటికి వెళ్తూ గిఫ్ట్ పట్టుకెళ్ళడమేంటి అని మీ అమ్మమ్మ అడిగితే ఆవిడ తప్పేం లేదు, మనలో ఆ అలవాటే లేదు. ఊళ్ళో జనం వట్టి చేతులతోనే వస్తారు. కానీ వచ్చినవాళ్ళలో ఒకరు పాడె సంగతి చూస్తారు, ఇంకొకరు కుర్చీలు తెప్పిస్తారు, శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కింటివాళ్ళే అన్నం వండి పంపిస్తారు. అదే వైట్‌ఫీల్డ్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటులో మనిషి పోతే ఎదురు ఫ్లాటువాళ్ళకి పేరు కూడా తెలియకపోవచ్చు, సొంతవాళ్ళు రావాలంటే రాత్రంతా బస్సు ప్రయాణం. అప్పుడు మనలాంటివాళ్ళం ఫోన్ తీసి ఏం పంపాలా అని వెతుకుతాం. బొకే, సెంటు కొవ్వొత్తి, డ్రై ఫ్రూట్ డబ్బా కనిపిస్తాయి. ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేసి మన వంతు అయిపోయిందనుకుంటాం.

ఆర్డర్ పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఆ ఇంట్లో ఒక పని తగ్గిస్తుందా, పెంచుతుందా? బొకే వస్తే గేటు నుంచి ఫోన్ వస్తుంది, ఎవరో లేచి తలుపు తీయాలి, దాన్ని పెట్టడానికి చోటు చూడాలి, వాడిపోయాక పారేయాలి, పైగా మీకు థాంక్స్ అని మెసేజ్ పెట్టాలి. మీరు నిద్రలేకుండా మూడు రోజులుగా ఏడుస్తూ ఉంటే ఇవన్నీ చేయగలరా? ఏం తీసుకెళ్ళాలన్నా ముందు ఈ ప్రశ్న దాటాలి, ఖరీదు సంగతి తర్వాత.

మొదట కనుక్కోవాల్సినవి

కొనేముందు ఒక ఫోన్ చేయండి, అయితే దుఃఖంలో ఉన్న మనిషికి కాదు. వాళ్ళ బావగారికో, తోడికోడలికో, ఆఫీసులో వాళ్ళకి బాగా దగ్గరైన ఒకరికో చేయండి. మనిషి పోయింది ఇక్కడా, ఊళ్ళోనా? కర్మ ఎక్కడ చేస్తున్నారు? ఇంట్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో షుగరు ఉన్న పెద్దవాళ్ళు, చిన్న పిల్లలు ఉన్నారా? వంటకి మనిషి వస్తోందా? ఇంకొకటి, కొంచెం మొహమాటంగా ఉన్నా అడగాల్సిందే: మీ ఇంట్లో ఈ రోజుల్లో బయటి వంట తింటారా?

ఈ ఆఖరి ప్రశ్న ఎందుకంటే మన ఆచారాలు ఇంటింటికీ మారతాయి. మామూలుగా దాయాదులకి పది రోజుల మైల. కర్మ చేసే కర్త చాలా కుటుంబాల్లో ఒంటిపూట భోజనం చేస్తాడు, అది కూడా ఇంట్లో వండిందే. కొన్ని ఇళ్ళలో పది రోజులూ తాలింపు పెట్టరు, నూనెలో వేయించరు, ఉల్లి వెల్లుల్లి ముట్టరు. కొందరు మంగళ, శుక్రవారాల్లో పరామర్శకు రానివ్వరు. ఇంకో ఇంటికి వెళ్తే ఇవేవీ ఉండవు. ముస్లిం కుటుంబమైతే పరామర్శ ముఖ్యంగా మొదటి మూడు రోజులు, ఆ రోజుల్లో వండుకోకుండా చుట్టుపక్కలవాళ్ళు అన్నం పంపడం వాళ్ళ పద్ధతి. భర్త పోయిన ఆవిడకి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంటుంది, ఆవిడ బయటికి రాదు, కాబట్టి కావాల్సినవి మనమే ఇంటికి చేర్చాలి. క్రైస్తవుల ఇంటికి పూల రీత్ పట్టుకెళ్తే ఎవరూ వింతగా చూడరు. అదే రీత్ మనలో చాలామంది ఇళ్ళలో ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మం పక్కన పడి ఉంటుంది.

మొదటి మూడు రోజులు: తిండి, నీళ్ళు, గేటు

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

మొదటి రోజు ఎవరికీ ఆకలి తెలియదు, రెండో రోజు పొద్దున్నకి ఇంటినిండా చుట్టాలుంటారు, రెండు బెడ్‌రూముల ఫ్లాటులో పదిహేనుమంది, కాఫీకి పాలుండవు. నందిని పాల ప్యాకెట్లు, పెరుగు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు మూడు, పేపరు కప్పులు, విస్తరాకులు, టిష్యూలు, చెత్త కవర్లు. చూడ్డానికి గిఫ్ట్‌లా ఉండవు, కానీ ఆ పూట ఆ ఇంట్లో అన్నిటికన్నా ముందు వెతికేది వీటినే. బడ్జెట్ ఐదొందలే అయినా వీటితో చాలా పని అవుతుంది.

వండి తీసుకెళ్ళేటట్టయితే ఇడ్లీ, పెరుగన్నం, పప్పు, చారు. మసాలా కూర, బిర్యానీ వద్దు, స్వీట్ అసలే వద్దు. కర్త కోసం విడిగా అరటిపళ్ళు, కొబ్బరి బొండాలు, కాసిని బాదం పప్పులు ఇవ్వండి, పళ్ళకి చాలా ఇళ్ళలో అభ్యంతరం ఉండదు. షుగరున్న పెద్దవాళ్ళు ఏడుపులో పడి టైముకి తినరు, కానీ మాత్ర వేసేసుకుంటారు. కళ్ళు తిరిగి పడిపోయేది అప్పుడే. కాబట్టి ఎనిమిదింటికి వాళ్ళ ముందు ప్లేటు పెట్టి నాలుగు ముద్దలు తినిపించేవాళ్ళు ఒకరు కావాలి, ఆ ఒకరు మీరు కావచ్చు.

గిన్నెల సంగతి మర్చిపోకండి. స్టీలు క్యారియర్లో తీసుకెళ్తే అది ఎవరిదో ఎవరికీ గుర్తుండదు, పదకొండో రోజు దాకా సింకు పక్కన నాలుగు ఇళ్ళ గిన్నెలు పేరుకుంటాయి. పారేసే డబ్బాల్లో ఇవ్వండి, లేదా మూత మీద 'తిరిగి ఇవ్వక్కర్లేదు' అని రాసి అంటించండి. ఇంకో పది ఇళ్ళవాళ్ళు కూడా ఇడ్లీయే తెస్తారు కాబట్టి అపార్ట్‌మెంట్లో ఒకరు లిస్టు పెట్టుకుని ఈరోజు మధ్యాహ్నం వీళ్ళు, రాత్రికి వాళ్ళు అని పంచితే బావుంటుంది. వంట రానివాళ్ళు ఆ లిస్టు పని తీసుకోవచ్చు.

ఇక గేటు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఎవరు వచ్చినా సెక్యూరిటీ నుంచి యాప్‌లో ఒక నోటిఫికేషన్, ఒప్పుకోకపోతే ఫోన్. చావింట్లో రోజుకి ఎనభై సార్లు ఆ ఫోన్ మోగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అసోసియేషన్‌తో మాట్లాడి ఆ ఫ్లాటుకి వచ్చేవాళ్ళని అడక్కుండా పైకి పంపేలా చేయండి, లేదా ఆ ఫోన్లు మీ నంబరుకి వచ్చేలా పెట్టించండి. పార్కింగు, లిఫ్టు దగ్గర చెప్పులు, ఊరి నుంచి వచ్చిన పెద్దాయనకి దారి చూపడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. రూపాయి ఖర్చు లేదు.

కారు, గది, పురోహితుడు

కర్మ బెంగళూరులోనే చేస్తుంటే అస్థికలు కలపడానికి చాలామంది శ్రీరంగపట్నం వెళ్తారు, కావేరి ఒడ్డున పశ్చిమవాహిని అనో సంగమం అనో చెప్తారు. ఇక్కణ్ణుంచి సుమారు 125 కిలోమీటర్లు. 2023లో మొదలైన మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద త్వరగానే వెళ్ళిపోతారు కానీ, ఆ రోజు స్టీరింగు పట్టుకునే స్థితిలో కొడుకు ఉండడు. మీ కారు, మీ డ్రైవింగు, తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరడం. దీనికి సాటొచ్చే గిఫ్ట్ ఏ షాపులోనూ దొరకదు. డిక్కీలో నీళ్ళు, తువ్వాళ్ళు, పొడి పంచెలు పెట్టుకోండి, మధ్యలో ఆపినప్పుడు కాఫీకి మీరే డబ్బులివ్వండి, దారిలో మీరు కల్పించుకుని మాట్లాడక్కర్లేదు.

మీ ఇంట్లో గది ఖాళీగా ఉంటే ఊరి నుంచి వచ్చిన నలుగురికి పడకలు వేయండి. అపరకర్మలు చేయించే తెలుగు పురోహితుడు ఇక్కడ వెంటనే దొరకడు, పెళ్ళిళ్ళు చేయించే ఆయన వీటికి రాకపోవచ్చు, కాబట్టి మీకు తెలిసిన నంబరు ఉంటే అది వాళ్ళ బావగారికి పంపండి. పదో రోజు, పదకొండో రోజు కార్యక్రమాలకి క్లబ్‌హౌస్ ఇస్తారో లేదో కూడా ముందే కనుక్కుని పెట్టండి, కొన్ని అసోసియేషన్లు ఒప్పుకోవు. అది పదో రోజు పొద్దున్న తెలిస్తే ఆ ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదు.

మరణం ఊళ్ళో జరిగితే

బెంగళూరులో మనకి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. నెల్లూరులోనో, అనంతపురంలోనో నాన్న పోతే ఇక్కడి నుంచి రాత్రికి రాత్రి బయల్దేరి వెళ్ళిపోతారు, పదమూడు రోజుల తర్వాత తిరిగొస్తారు. మనం వాట్సాప్‌లో ఓం శాంతి పెట్టి ఊరుకుంటాం, వాళ్ళు ఇక్కడ లేరు కదా అని. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఇల్లు ఎలా వదిలేసి వెళ్ళారో ఒకసారి ఆలోచించండి: బకెట్లో నానబెట్టిన బట్టలు, ఫ్రిజ్‌లో సగం కూర, బాల్కనీలో తులసి మొక్క, పనావిడకి చెప్పకుండా వెళ్ళిపోయారు, కొరియర్లు గేటు దగ్గర పేరుకుంటున్నాయి.

తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంటే అడిగి తీసుకోండి, ఇంట్లోకి వెళ్ళొచ్చా అని వాళ్ళని ఒక్క మెసేజ్‌లో అడగండి. మొక్కలకి నీళ్ళు పోయండి, ఫ్రిజ్ ఖాళీ చేయండి, పనావిడకి సంగతి చెప్పి నెల డబ్బులు ఇవ్వండి. తిరిగొచ్చే రోజు పొద్దున్న ఇల్లు ఊడిపించి, పాలు, పెరుగు, ఒక పూటకి కూరగాయలు, దోసెల పిండి ప్యాకెట్టు పెట్టండి. మెజెస్టిక్‌లో బస్సు దిగి ఆరింటికి ఇంటికొచ్చి తలుపు తీసేవాళ్ళకి కాఫీ కలుపుకోవడానికి పాలు కనిపిస్తే చాలు.

ఈ విషయంలో పెళ్ళైన ఆడపిల్లని దాదాపు అందరూ వదిలేస్తారు. తల్లిదండ్రులు పోతే ఆమెకి మైల మూడు రోజులే, కర్మ చేసేది అన్నదమ్ములు, అత్తింట్లో పిల్లల పరీక్షలుంటే ఆమె అయిదో రోజుకే వెనక్కి వచ్చేస్తుంది. పరామర్శకి వచ్చినవాళ్ళు అన్నయ్యతో మాట్లాడతారు, ఆమెని 'పిల్లలెలా ఉన్నారు' అని అడిగి వెళ్ళిపోతారు. మీ పక్కింటావిడో మీ టీములో అమ్మాయో ఇలా తిరిగొచ్చి ఉంటే, ఒక మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్ళి ఆమె నాన్న గురించి అడగండి. ఏం చేసేవారు, ఏం ఇష్టంగా తినేవారు, నీతో ఎక్కువగా ఏం మాట్లాడేవారు. పిల్లల్ని ఆ రెండు గంటలు మీవాళ్ళతో పార్కుకి పంపేయండి.

డబ్బు ఇవ్వడం

ఇది గిఫ్టేనా అనిపించినా చాలాసార్లు కావాల్సింది ఇదే. సంపాదించే మనిషి పోతే, విషయం బ్యాంకుకి తెలిశాక ఆయన పేరు మీదున్న ఒంటరి ఖాతా ఆపేస్తారు, నామినీకి డబ్బు రావడానికి కాగితాలు, సమయం కావాలి. ఆ నెల అద్దె, స్కూలు ఫీజు, ఆసుపత్రి బాకీ మాత్రం ఆగవు. కాబట్టి ఆఫీసులో వసూలు చేస్తే ఆయన ఖాతాకి పంపకండి, భార్య పేరున ఉన్న ఖాతా నంబరు అడిగి దానికి పంపండి. ఎవరు ఎంత ఇచ్చారో లిస్టు రాసి గ్రూపులో పెట్టడం, స్క్రీన్‌షాట్లు పంచడం, దయచేసి వద్దు. నేరుగా ఇస్తే మామూలు తెల్ల కవర్లో, ఇంట్లో బాధ్యత తీసుకున్న పెద్దవాళ్ళ చేతికి, నలుగురి ముందు కాకుండా ఇవ్వండి. శుభకార్యాలకి వేసే 116, 1116 లెక్క చావింట్లో నప్పదు, 1000 అంటే 1000.

కాగితాల పని

పదమూడో రోజు తర్వాత మొదలయ్యే పని ఇది, బాగా ఓపిక కావాలి. ఫారాలు నింపడం మీకు బాగా వస్తే మీరిచ్చే మంచి గిఫ్ట్ అదే.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్తుంది. మనిషి ఎక్కడ ఉండేవారన్నది కాదు, ఎక్కడ పోయారో అక్కడే నమోదు, అంటే ఇక్కడ కాపురమున్న ఆయన గుంటూరులో పోతే సర్టిఫికెట్ గుంటూరు నుంచే. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్ళు సమాచారం పంపుతారు, పేరులో స్పెల్లింగు ఆధార్‌తో సరిపోయిందో లేదో అప్పుడే చూసుకోమని చెప్పండి, తర్వాత దిద్దించడం పెద్ద తలనొప్పి. సర్టిఫికెట్ వచ్చాక పది పదిహేను కాపీలు తీయించి ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్‌తోపాటు ఈడీఎల్‌ఐ అని ఒక బీమా ఉంటుంది, 7 లక్షల దాకా రావచ్చు, చాలామందికి ఆ సంగతే తెలియదు. హెచ్ఆర్‌ని వెంటపడి అడిగే పని సహోద్యోగులు తీసుకోవాలి. ఆయన ఫోన్ నంబరు తొందరపడి తీసేయొద్దని కూడా చెప్పండి, బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తుంటాయి.

గుర్తుగా ఉండే వస్తువు

ఇంట్లో పెట్టుకునే వస్తువే ఇవ్వాలనుకుంటే నా ఓటు ఫొటోకి. పదకొండో రోజుకి దండ వేయడానికి ఒక మంచి ఫొటో కావాలి, అప్పటికప్పుడు పెళ్ళి ఆల్బమ్‌లోంచో, ఆధార్ కార్డులోంచో కోసి పెద్దది చేయిస్తారు, మొహం మసకగా వస్తుంది. మీ ఫోన్లో వాళ్ళది మంచి ఫొటో ఉంటే వెంటనే చూపించండి, కుటుంబానికి నచ్చితే ప్రింటు, ఫ్రేము పని మీరే చూసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫోన్ ఫొటో అయితే 12 అంగుళాలకి 16 అంగుళాల ప్రింటుకి సరిపోతుంది. దండకి పూలు కేఆర్ మార్కెట్‌లో పొద్దున్నే తాజాగా దొరుకుతాయి.

ఇంకో నెల గడిచాక చేయదగినది ఒకటి ఉంది. పోయినవాళ్ళ గొంతు. వాట్సాప్‌లో వాళ్ళు పంపిన వాయిస్ మెసేజ్‌లు, ఎవరి పుట్టినరోజు వీడియోలోనో వెనక నుంచి వినిపించే నవ్వు, ఇవన్నీ నలుగురి ఫోన్లలో చెదిరి ఉంటాయి, ఫోన్లు మారిస్తే పోతాయి. బంధువుల్ని, స్నేహితుల్ని అడిగి అవన్నీ పోగుచేసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు వెంటనే వినమని చెప్పకండి, ఇందులో ఫలానావి ఉన్నాయి, ఎప్పుడనిపిస్తే అప్పుడు వినండి అనండి. కొందరు ఏడాది దాకా ముట్టుకోరు.

మొక్క ఇవ్వడం ఇప్పుడు ఫ్యాషన్. మొక్కలంటే ఇష్టమున్నవాళ్ళకి తప్ప ఇవ్వకండి, నాన్న పేరు చెప్పి ఇచ్చిన మొక్క ఎండిపోతే ఆ బాధ మళ్ళీ వాళ్ళకే. వేదాంతం పుస్తకాలు, దుఃఖాన్ని గెలవడం ఎలా అని చెప్పే పుస్తకాలు కూడా వద్దు.

పేరు మీద దానం చేయాలనుకుంటే ఎక్కడికో కుటుంబాన్నే అడగండి. తిరుమల అన్నప్రసాదం ట్రస్టుకి ఇస్తే కొందరికి సంతోషం, ఇంకొందరికి ఆసుపత్రికి ఇవ్వడం ఇష్టం. క్యాన్సర్‌తో పోయినవాళ్ళ పేరు మీద చాలామంది మారతహళ్ళి దగ్గరి కరుణాశ్రయకి ఇస్తారు, ముదిరిన క్యాన్సర్ రోగుల్ని ఉచితంగా చూసుకునే చోటు అది. దానానికి పన్ను మినహాయింపు రసీదు కావాలంటే 2000 రూపాయలకు మించి నగదుగా ఇవ్వకండి, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఆ మినహాయింపు ఎలాగూ రాదు.

భర్త పోయినావిడ, అమ్మానాన్నల్లో ఒకరు పోయిన పిల్లలు, పసిబిడ్డ పోయిన ఇల్లు

భర్త పోయినావిడకి బట్టలు పెట్టడం పుట్టింటివాళ్ళ ఆనవాయితీ, మీరు చీర కొనాలనుకుంటే ముందు ఆవిడ అక్కచెల్లెళ్ళని అడగండి. తెల్లది, లేతరంగుది అని మీరే తేల్చేయకండి, ఆవిడ బొట్టు పెట్టుకుంటారో లేదో, ఏ రంగు కడతారో ఆవిడ ఇష్టం. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకి బొమ్మలు కొనిచ్చే బదులు వాళ్ళ వయసు పిల్లలతో ఒక మామూలు ఆదివారం గడిచేలా చూడండి, హోంవర్కు చేయించండి, స్కూలు బస్సు దగ్గర దింపండి. 'ఇక నుంచి నువ్వే ఇంటికి పెద్దవి' అని పన్నెండేళ్ళ పిల్లాడితో అనకండి.

గర్భం పోయినా, పుట్టిన బిడ్డ దక్కకపోయినా చాలా ఇళ్ళలో కర్మ, భోజనాలు లాంటివేవీ పెద్దగా ఉండవు, అందుకే పలకరించేవాళ్ళు కూడా ఉండరు. ఆ తల్లికి బాలింతకి పెట్టే పథ్యం అవసరం, ఒంట్లో పచ్చితనం అలాగే ఉంటుంది. కొన్ని రోజులు వేడిగా అన్నం పంపండి. బిడ్డ కోసం కొన్న ఉయ్యాల, బట్టలు మీరు తీసేయకండి, వాళ్ళు అడిగితే తప్ప. 'మళ్ళీ పుడతారులే' అనే మాట నోట్లోనే ఆపండి.

మెసేజ్ ఎలా రాయాలి

'ఏమైనా కావాలంటే చెప్పండి' అని రాస్తే ఎవరూ చెప్పరు. ఇలా రాయండి: 'వదినా, రేపు ఏడున్నరకి ఇడ్లీ, చట్నీ మీ తలుపు దగ్గర పెట్టి వెళ్తాను. బెల్ కొట్టను. జవాబు ఇవ్వక్కర్లేదు.' లేదా, 'అన్నా, శనివారం నా కారు ఖాళీ. బ్యాంకుకి, ఆఫీసుకి ఎక్కడికెళ్ళాలన్నా నేను తీసుకెళ్తా. పదింటికి కింద ఉంటాను, వద్దనుకుంటే ఒక్క మెసేజ్ పెట్టు చాలు.' పరామర్శ చేసి లేచేటప్పుడు చావింట్లో వెళ్ళొస్తాను అనరు కదా, ఏమీ అనకుండా చేయి పట్టుకుని లేచి వచ్చేయండి.

వారాలు గడిచినా నిద్ర లేకుండా, తిండి లేకుండా, బతకాలని లేదన్నట్టు మాట్లాడుతుంటే ఇక తిండి, సామాన్లు పంపడం సరిపోదు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. నంబరు పంపి ఊరుకోకుండా పక్కన కూర్చుని మీరే కలపండి. మన ఊళ్ళోనే నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి ఉంది, తోడుగా వెళ్ళండి.

ఏడాది పొడుగునా

ఏటి సూతకం పాటించే ఇళ్ళలో ఆ ఏడాది పండగ చేసుకోరు. సంక్రాంతికి మీ ఇంట్లో అరిసెలు చేస్తుంటే, పంపితే తీసుకుంటారా అని అడిగి పంపండి, ముఖ్యంగా పిల్లలున్న ఇంటికి. మాసికాలకి నెలనెలా వెళ్ళక్కర్లేదు, మూడో నెలలోనో ఆరో నెలలోనో ఒకసారి ఫోన్ చేసి పోయినవాళ్ళ పేరు ఎత్తి మాట్లాడితే చాలు, అప్పటికి మిగతావాళ్ళంతా ఆ పేరు తలవడం మానేసి ఉంటారు.

సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది కాబట్టి మీ ఫోన్లో పెట్టుకున్న తేదీకి కొన్ని రోజులు అటో ఇటో పడుతుంది. ఒక నెల ముందే ఇంట్లో ఎవరినైనా అడిగి రాసుకోండి. ఆ రోజు పొద్దున్న వాళ్ళు మడి వంటలో, మంత్రాల్లో ఉంటారు, ఫోన్ ఎత్తలేరు. అందుకని ముందు రోజు సాయంత్రమే చేయండి, చేసినప్పుడు అరటాకులు, కూరగాయలు తెచ్చిపెట్టే పని మీకు వదిలేయమనండి. ఆకులు ఎన్ని కావాలో, ఏ కూరలు పనికిరావో వాళ్ళనే అడిగి రాసుకోండి, తద్దినం వంటలో ఒక్కో ఇంటి లెక్క ఒక్కోలా ఉంటుంది.